వాపు దిగిన దవడ

మీరు డెంటల్ కాలేజీ నుంచి బయటికి వచ్చేనాటికి మీకు పన్ను గురించి చాలా తెలిసి ఉంటుంది. వాపు గురించి పరీక్షకు సరిపడా తెలిసి ఉంటుంది. ఆ రెండోది చాలదు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో, ఒక మేడ మీద గదిలో నా ఉద్యోగ జీవితమంతా జనం నోళ్ళలోకి తొంగి చూసి నేను నేర్చుకున్నదంతా కలిపినా ఈ ఒక్క మాటకే వస్తుంది. ఏ సంవత్సరం కొత్త కుర్చీ కొన్నాను, ఏ సంఘం శాలువా కప్పింది అన్నవి ఇక్కడ రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చిమ్మటలు వాటి సంగతి చూసుకుంటున్నాయి.

మాది ముళబాగిలు. నాన్నది ధాన్యం అంగడి. ఆడపిల్లను, పళ్ళ డాక్టరు అవుతానంటే మా ఇంట్లో ముందు నవ్వారు, తర్వాత ఏడ్చారు, చివరికి మా మేనమామ కృష్ణయ్య శెట్టి వచ్చి పంచాయితీ చేసి బెంగళూరు పంపించాడు. ఆ మామకే రాబర్ట్‌సన్‌పేటలో మందుల షాపు ఉండేది. ఆయన గురించి ముందు ముందు కొన్ని కటువైన మాటలు రాస్తాను కాబట్టి, ఆయన లేకపోతే నేను ధాన్యం తూస్తూ ఉండేదాన్నని ఇక్కడే చెప్పేస్తున్నాను.

కాలిన చిగురు

నేను వచ్చేనాటికి గనులు ప్రభుత్వం చేతిలోకి వచ్చి చాలా కాలమైంది. దొరలు పోయారు, దొరల మాటలు మాత్రం పోలేదు. షిఫ్టు, షాఫ్టు, లెవెల్, బ్లాస్ట్ అన్నవి మా పేషెంట్ల నోట తెలుగు మాటలే. వాళ్ళలో సగం మంది తాతలు చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు.

నా మొదటి గురువు మునెప్ప. గని లోపల దుంగలు నిలబెట్టే పని. ఒకరోజు దవడ పట్టుకుని వచ్చాడు. నోరు తెరిపించి చూస్తే పిప్పి పన్ను పక్కన చిగురంతా తెల్లగా, పాల మీద మీగడలా పేరుకుని ఉంది. కాలేజీలో చూడని జబ్బు. ఏదో పెద్ద రోగమే అనుకుని నేను నాలుగు పుస్తకాలు గుర్తు చేసుకుంటుంటే, ఆయన చొక్కా జేబులోంచి ఆస్ప్రిన్ బిళ్ళ తీసి చూపించాడు. దాన్ని మింగకుండా చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకుని షిఫ్టంతా దుంగలు మోస్తాడట. ఆమ్లం కదా, చిగురును కాల్చేసింది.

మింగాలి కదా మునెప్పా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"మింగితే కడుపులోకి పోతాది కదమ్మా. నొప్పి ఉండేది యాడ? ఈడ. మందు ఈడ పెట్టాల గానీ కడుపుకు పెడితే ఏం లాభం?"

బిళ్ళ కడుపులో కరిగి, రక్తంలో కలిసి, తిరిగి తిరిగి దవడ దాకా వస్తుందని నేను బొమ్మ గీసి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఒక బిళ్ళ మింగి, ఇంకొకటి చిగురు పక్కన పెట్టుకుని వచ్చాడు. నా మాటా కాదనలేదు, తన మాటా వదల్లేదు.

ఆయన దగ్గరే రెండో వైద్యం కూడా తెలిసింది, దిబ్బ కాపడం. కేజీఎఫ్ చుట్టూ గుట్టల్లా కనబడే సైనైడ్ దిబ్బలు మీకు తెలిసినవే. రాయిని పిండిలా నూరి, సైనైడ్‌తో బంగారం లాగేసి, మిగిలిన మన్నును పారబోసిన దిబ్బలు. ఆ మన్ను తెచ్చి, పెనం మీద వేయించి, గుడ్డలో మూట కట్టి దవడ మీద అద్దుతారు. ఎందుకయ్యా అంటే, బంగారాన్నే కరిగించిన మన్ను పంటి పురుగును కరిగించదా అంటారు. మెత్తటి మన్ను కాబట్టి వేడి చాలాసేపు నిలుస్తుంది, నొప్పికి కాస్త హాయిగా కూడా ఉంటుంది. అసలు చిక్కు అక్కడే వస్తుంది. బయటి నుంచి వేడి పెడితే లోపలి చీము ఆ వేడి వైపే దారి చూసుకుంటుంది. నోట్లోకి పగలాల్సిన గడ్డ చెంప మీద పగులుతుంది. మానిన తర్వాత దవడ అంచున ఒక సొట్ట జీవితాంతం ఉండిపోతుంది. గని కూలీల ఇళ్ళ లైన్లలో నడిచి వెళుతుంటే ఆ సొట్ట ఉన్న చోటును బట్టి పోయిన పన్ను ఏదో నేను చెప్పగలిగేదాన్ని.

కాపడం అవసరమైతే ఉప్పు వేసిన వేడినీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించమనండి. వేడి లోపలి నుంచి పెట్టాలి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నాకు పదేళ్ళు పట్టింది, వినడానికి వాళ్ళకు ఇంకో పది పట్టింది.

బేతమంగళ తూము

పుస్తకం ప్రకారం వాపుకు ఐదు గుర్తులు. ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి, పని చేయకపోవడం. ఐదో గుర్తు చాలా ఆఫీసులకు కూడా ఉంది గానీ అక్కడ మిగతా నాలుగూ కనబడవు.

మనం చేసే మొదటి తప్పు వాపును జబ్బు అనుకోవడం. జబ్బు క్రిమి. వాపు ఆ క్రిమి మీదికి మన ఒళ్ళు పంపే దండు. రక్తనాళాలు వెడల్పు అవుతాయి కాబట్టి ఎరుపు, వేడి. వాటి గోడల సందుల్లోంచి నీరూ తెల్ల కణాలూ బయటికి వస్తాయి కాబట్టి ఉబ్బు. కుక్క మొరుగుతోందని కుక్క నోరు కడితే దొంగ పోడు కదా. మనం రోజూ చేసేది మాత్రం దాదాపు అదే, ఆ పనికి మందుల చీటీ అని పేరు.

కణానికి దెబ్బ తగిలితే దాని గోడలోని కొవ్వు విడిపోయి అరకిడోనిక్ ఆమ్లం అనేది బయటికి వస్తుంది. దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. ఈ ప్రోస్టాగ్లాండిన్ తనంతట తాను పెద్దగా నొప్పి పెట్టదు, పక్కనున్న నరాన్ని రెచ్చగొట్టి పెడుతుంది. మా వైపు ప్రతి పెళ్ళిలోనూ అలాంటి బంధువు ఒకాయన ఉంటాడు.

నా జూనియర్లకు దీన్ని బేతమంగళ చెరువు నీళ్ళతో చెప్పేదాన్ని. ఆ చెరువు నీళ్ళు తూము దాటి, పెద్ద పైపుల్లో వచ్చి, మన వీధి కొళాయిలో పడేవి. ఆస్ప్రిన్, ఇబుప్రోఫెన్ లాంటివి వీధి కొళాయి కట్టేస్తాయి. ప్రోస్టాగ్లాండిన్ తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, పక్క వీధుల్లో పనులు నడుస్తూనే ఉంటాయి. స్టెరాయిడ్ అలా కాదు. అది నేరుగా బేతమంగళ వెళ్ళి తూమే మూసేస్తుంది. ఊరంతా ఎండుతుంది. తెల్ల కణాలను కూడా ఇంటి దగ్గరే ఉండమంటుంది. ముఖం మాత్రం చక్కగా పల్చబడుతుంది, అద్దంలో చూసుకుంటే పెళ్ళికొడుకులా ఉంటాడు. లోపల క్రిమికి అడ్డు చెప్పేవాడు ఉండడు.

పంటి లోపలి నరం సంగతి వేరు, అది మా గని మనుషులకు చెప్పకుండానే అర్థమయ్యేది. చెంప ఉబ్బడానికి చోటుంది. పంటి లోపలి గుజ్జుకు చుట్టూ రాయే. ఉబ్బితే ఎక్కడికి పోతుంది? ఒత్తిడి తిరిగి దాని మీదే పడుతుంది. అందుకే ఆ నొప్పికి మనిషి గోడకు తల కొట్టుకుంటాడు. రాయి మధ్య ఒత్తిడి పెరిగితే ఏమవుతుందో లోపలికి దిగే వాళ్ళకు నేను చెప్పాలా? రాయి పగిలి మీద పడటం చూసినవాళ్ళు, తలాడించేవాళ్ళు.

సుబ్బరాయప్ప సారు

నేను చేరింది పళ్ళ డాక్టరు సుబ్బరాయప్ప సారు దగ్గర, ఆ మేడ మీద గది ఆయనదే. ఆయన చేతులు పెద్దవి, పని తేలిక. పేషెంటు మాట పూర్తి చేసేలోగా పన్ను ట్రేలో ఉండేది. తెలుగులో పలకరించి, కన్నడలో నోరు తెరవమని, తమిళంలో జోకు వేసి, ఇంగ్లీషులో తిట్టేవారు. నాలుగు భాషల వాళ్ళూ ఆయన తమవాడే అనుకునేవారు.

ఆయనకు ఒకే ఒక్క బలహీనత, వాపు తగ్గించే బిళ్ళలు. మందుల కంపెనీ మనుషులు శాంపిళ్ళు తెచ్చి పోసేవాళ్ళు, ఈయన ప్రసాదంలా పంచేవారు. వాపుతో వచ్చినవాడికి బిళ్ళలిచ్చి పంపడం, వాపు దిగాక అద్దం చేతికిచ్చి, నీ ముఖం నీకు వచ్చింది చూసుకో అప్పా అని మురవడం. వాడు పన్ను పీకించుకోవడానికి భయపడితే సరే పొమ్మనేవారు. జనానికి దేవుడు. మరి చీము ఏమైంది సార్ అని నేను అడిగేదాన్ని. పోవాల్సిన చోటికి పోయిందిలేమ్మా అనేవారు. పోవాల్సిన చోటు ఏదో ఏ పుస్తకంలోనూ లేదు.

ఎదురుగా మా మామ షాపు. అక్కడ సెట్టు అమ్మేవారు. పళ్ళనొప్పి సెట్టు, నడుమునొప్పి సెట్టు, జ్వరం సెట్టు అని చిన్న కాగితం పొట్లాలు. పొట్లంలో తెల్ల బిళ్ళ ఒకటి, పచ్చది ఒకటి, చిటికెన వేలి గోరంత చిన్నది ఒకటి. ఆ చిన్నదే స్టెరాయిడ్. అది తీసెయ్యమని నేను ఎన్నిసార్లు పోట్లాడానో. ఆ చిన్నది లేకపోతే సెట్టే కాదు పాపా, వాళ్ళు పక్క షాపుకు పోతారు అనేవాడు మామ. మా అమ్మ నన్నే కోప్పడేది, చదివించినవాడికి చదువు చెబుతావా అని.

ఇంతకీ సారుకు ఒక గుట్టు ఉండేది. ఊరి పళ్ళన్నీ పీకిన మనిషి, ఎవరి ముందూ తన నోరు తెరిచి ఎరుగడు. సూది అంటే భయం. ఎడమవైపు కింద జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉందనీ, అప్పుడప్పుడు బాధ పెడుతుందనీ ఆయన భార్య సావిత్రమ్మక్క నాతో చెప్పింది. నేను చూస్తానంటే ఆయన నవ్వేసి, గుడి పూజారికి నువ్వు మంత్రం చెబుతావా అన్నారు.

నోరు తెరవని రోజు

ఎనభైల మొదట్లో ఒక వేసవి. సారు చెంప ఒకటి రెండుసార్లు కాస్త ఉబ్బి కనబడింది, మర్నాటికి మామూలైంది. రుమాలు అడ్డం పెట్టుకునేవారు. మళ్ళీ ఉబ్బేది, మళ్ళీ దిగేది. ఎండకు అన్నారు. పడుకున్న తీరు సరిగ్గా లేదన్నారు. నేను అడగడం మానేశాను, ఆయన చెప్పడం మానేశారు.

ఒక ఉదయం వచ్చేసరికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. చెంప పల్చగా, శుభ్రంగా ఉంది. అదే నన్ను కాసేపు మోసం చేసింది. కాఫీ వచ్చింది, తాగలేదు. పేషెంట్లతో తలతోనే మాట్లాడుతున్నారు. రుమాలు తడిసి ఉంది. ఏమైంది సార్ అంటే ఏమీ లేదన్నారు. ఆ మాట గొంతులోంచి రాలేదు. నోటినిండా అన్నం పెట్టుకున్నవాడు మాట్లాడినట్టు వచ్చింది.

ఆ గొంతు కాలేజీలో ఒక పేషెంటు దగ్గర ఒక్కసారే విన్నాను. దగ్గరికి వెళ్ళి అనుమతి అడగకుండా ఆయన గడ్డం కింద వేళ్ళు పెట్టాను. ఈ దవడ నుంచి ఆ దవడ దాకా చెక్కలా గట్టిగా ఉంది. నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోవడం లేదు. సందులోంచి చూస్తే నాలుక పైకి లేచి అంగిలికి ఆనుకుని ఉంది. ఉమ్మి మింగలేక రుమాలులోకి వదులుతున్నారు.

"వాపు దిగింది కదమ్మా," అన్నారు సారు అతికష్టం మీద. అప్పుడు కూడా అదే.

వాపు దిగలేదు. చెంపలోంచి దిగి గొంతు వైపు నడిచింది. అది ఇంకాస్త నడిస్తే గాలి దారి మూసుకుపోతుంది. మీకు పరీక్షలో లుడ్విగ్స్ ఆంజైనా అని ఒక పేజీ వస్తుంది. చదివి మార్కులు తెచ్చుకోండి గానీ, అది కుర్చీలో కూర్చుని మిమ్మల్ని చూస్తున్నప్పుడు ఎలా ఉంటుందో ఆ పేజీలో లేదు.

ఏం వేసుకున్నారో తెలియాలి. మెట్లు దిగి మామ షాపులోకి పరిగెత్తాను. గల్లా దగ్గర జనం ఉన్నారు, వాళ్ళ ముందే అడిగాను. మామ ముఖం మాడిపోయింది.

"ఆయనే చెప్పినాడు పాపా. సెట్టు కాదు, చిన్నదే కావాలన్నాడు. వాపు వస్తే పేషెంట్లు నవ్వుతారు శెట్టీ అన్నాడు. దిగినాక ఆపితే మళ్ళా వస్తా ఉండాదని ఎక్కువ తీసుకుపోయినాడు. డాక్టరే అడిగితే నేను కాదంటానా?"

పళ్ళ డాక్టరుకు పంటి వాపు వస్తే నవ్వుతారని, ఊరంతటికీ పంటి వైద్యం చేసే మనిషి, పంటి సంగతి వదిలేసి ముఖానికి వైద్యం చేసుకున్నాడు. ఇంటికి ఫోను చేస్తే సావిత్రమ్మక్క ఇంకోటి చెప్పింది, ఏడుస్తూ. రోజూ దిబ్బ కాపడం పెట్టించుకున్నారట. పేషెంట్ల ముందు దాన్ని ఎగతాళి చేసిన మనిషే.

గొంతు నాది, గడ్డం నీది

కోపం తర్వాత చూసుకోవచ్చు. బెంగళూరుకు తీసుకుపోదామని మామ కారు తెప్పించాడు. వద్దన్నాను. దారిలో గాలి ఆగితే కారులో నేనేం చేయగలను? బజారు చివర ఒక చిన్న నర్సింగ్‌హోమ్ ఉండేది, అక్కడి సర్జన్ నా ఈడువాడే. సారును కూర్చోబెట్టే తీసుకుపోయాం. పడుకోబెడితే నాలుక వెనక్కి పడుతుంది, ఊపిరి ఆడదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఇలాంటివాణ్ణి పడుకోబెట్టకండి.

సర్జన్ చూశాడు. మెడ దగ్గర గొంతుకు రంధ్రం పెట్టే సామాను ట్రేలో పరిచి పెట్టుకున్నాడు. గొంతు నాది, గడ్డం నీది, నీ వల్ల కాకపోతే నేను మొదలుపెడతాను అన్నాడు. పెనిసిలిన్ నరంలోకి, దాంతోపాటు గాలి లేనిచోట పెరిగే క్రిములకు మందు మొదలుపెట్టాడు. మింగుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం కాబట్టి దాని లెక్క కూడా తనే తీసుకున్నాడు.

మత్తు సూది తీశాను. సారు కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క విషయం మీకు చెప్పాలి. చీము పట్టినచోట మత్తు సరిగ్గా పని చేయదు. అక్కడి ఆమ్లానికి మందు నరంలోకి దిగదు. పైచర్మానికి పనిచేస్తుంది, లోపలికి చేయదు. ఆయనకు అది నాకంటే బాగా తెలుసు. అబద్ధం చెప్పడానికి వీల్లేని పేషెంటు.

"సార్, లోపల నొప్పి ఉంటాది. కదలొద్దు," అన్నాను.

ఆయన నా కొంగు పట్టుకున్నారు. పట్టుకున్నది ఆయనే, ఆ పెద్ద చేతులే. గడ్డం కింద కోశాను. ఆ చెక్కలాంటి దానిలోకి మొద్దు మొన ఉన్న పటకారు దూర్చి తెరిచాను. చీము రాలేదు. అలాంటి చోట చాలాసార్లు చీము రాదు, కొత్తవాళ్ళు చూసి తప్పు చోట కోశామని భయపడతారు. గోధుమరంగు నీరు వచ్చింది, ఒక వాసన వచ్చింది. నర్సు గోడ వైపు తిరిగింది. రెండు పక్కలా కూడా కోసి, లోపల దారులన్నీ కలిపి, రబ్బరు గ్లవ్ ముక్కలు కత్తిరించి నీరు కారడానికి పెట్టాను.

సారు అరవలేదు. అరవడానికి చోటు లేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ఆగకుండా కారాయి.

కొంతసేపటికి ఊపిరి చప్పుడు మారింది. ఈల వేసినట్టు ఉన్నది మామూలైంది. సర్జన్ తన ట్రే మీద గుడ్డ కప్పేశాడు. అంతకంటే మంచి చప్పుడు నా జీవితంలో వినలేదు, మా అమ్మాయి పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపు తప్ప. నేను బయటికి వచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను. మామ పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన సెట్టులో ఆ చిన్నది కనబడలేదు.

మందుల గురించి నా మాట

ఈ కథ చెబితే కుర్ర డాక్టర్లు రెండు తప్పు పాఠాలు నేర్చుకుంటారు. మొదటిది, స్టెరాయిడ్ విషం అని. కాదు. చీము లేని చోట, అడ్డం పడుకున్న జ్ఞానదంతం కోసి తీసే ముందు ఒక్క మోతాదు ఇస్తే మర్నాడు పేషెంటు మిమ్మల్ని కాస్త తక్కువ తిడతాడు. నేనూ ఇచ్చాను. క్రిమి లోపల కూర్చుని ఉండగా, దారి తెరవకుండా ఇవ్వడమే నేరం.

రెండోది, నొప్పి బిళ్ళలు మానేద్దాం అని. అదీ తెలివితక్కువే. పన్ను తీసిన రోజు మత్తు వదలకముందే ఇబుప్రోఫెన్ మింగిస్తే, నొప్పి తయారయ్యేలోపే కొళాయి కట్టినట్టు అవుతుంది. మందు మంచిదే, మందు పని చేసినంతమాత్రాన మనం పని చేసినట్టు కాదు. అన్నం తిన్నాక వేసుకోమనండి. షిఫ్టు దిగి సారాయి పట్టించి, ఖాళీ కడుపు మీద గుప్పెడు మింగి, రక్తం కక్కుకున్నవాళ్ళను చూశాను. మూత్రపిండాల సంగతి అడగండి. ఆయాసం ఉందా అని అడగండి, గనిలో పనిచేసిన ఛాతీ అయితే రెండుసార్లు అడగండి, ఆస్ప్రిన్ పడనివాళ్ళు ఉంటారు.

ఇంకొకటి. వాపు దిగిందని పేషెంటు సంబరపడి వస్తే మీరు సంబరపడకండి. గడ్డం కింద వేళ్ళు పెట్టి చూడండి, నాలుక చాపమనండి, గుటక వెయ్యమనండి. అద్దం తర్వాత ఇవ్వచ్చు.

సారు చెంప

గాయాలు మానాయి. నోరు తెరుచుకుంది. పన్ను మాత్రం ఇంకా అక్కడే ఉంది, అడ్డంగా పడుకుని, ఏమీ ఎరగనట్టు. దాన్ని తీసేదాకా ఇదంతా మళ్ళీ రావచ్చని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి ఒకరోజు పేషెంట్లు వెళ్ళిపోయాక ఆయనే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ వెనక నిలబడే కుర్చీ అది. చొక్కా గుండీ తీసుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచారు. ఆ నోరు చూసిన మొదటి డాక్టరును నేనే. పన్నును రెండు ముక్కలు చేసి తీశాను. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆయన ఒక్కసారి నా చెయ్యి ఆపి, కాసేపాగి, మళ్ళీ కానిమ్మన్నట్టు సైగ చేశారు.

అలాంటి పని తర్వాత చెంప ఉబ్బుతుంది. రెండో రోజుకు ఎక్కువవుతుంది. ఎముక కోశాం, ఒళ్ళు తన దండును పంపుతుంది, ఈసారి అది మంచి వాపు. ఇంట్లో ఉండండి సార్, నేను చూసుకుంటాను అని చెప్పి పంపాను.

ఆ రెండో రోజు ఉదయం నేను వచ్చేసరికి ఆయన వచ్చి ఉన్నారు. ఎడమ చెంప కొబ్బరికాయంత ఉంది. గడ్డం కింద కోతల మచ్చలు ఎర్రగా ఉన్నాయి. రుమాలు లేదు. బెంచీ మీద జనం ఆయన్నే చూస్తున్నారు, పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. సావిత్రమ్మక్క వెనకాలే వచ్చి, ఆ చిన్న బిళ్ళ ఒక్కటి వేసుకుంటే తగ్గిపోతుంది కదమ్మా, నువ్వైనా చెప్పు అని నన్ను బతిమాలింది.

"ఉండనీ సావిత్రీ," అన్నారు సారు. "దాని పని అది చేస్తా ఉండాది. చేసుకోనీ."

మొదటి పేషెంటును లోపలికి పిలిచారు. మాస్తి వైపు నుంచి బస్సెక్కి వచ్చిన ముసలమ్మ. కుర్చీలో కూర్చుని ఆయన చెంప వైపు భయంగా చూసింది. ఆయన సూది చేతిలోకి తీసుకున్నారు. ఆ గదిలో ఇన్నేళ్ళుగా ప్రతివాడికీ మేము చెప్పే అబద్ధం ఒకటుంది, చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే అని. నేను అదే మాట కోసం ఎదురుచూశాను.

ఆయన సూది పక్కన పెట్టారు. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"నొప్పి ఉంటాదమ్మా," అన్నారు. "నేనూ చూసినాను. నా చెయ్యి పట్టుకో."